400 ఎంఎం లెన్స్‌తో ట్రైపాడ్ లేకుండా ఫోటోలు షార్ప్‌గా వస్తాయా? నాది క్రాప్ సెన్సర్ (ఫిల్మ్ ఫ్రేము కన్నా చిన్న సెన్సర్) కెమెరా, స్టెబిలైజేషన్ ఆన్ చేసినా పక్షుల ఫోటోలు మసగ్గా వస్తున్నాయి.

వస్తాయండీ. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుల మీద వాలే పక్షుల్ని నేను 100-400 లెన్స్ చేత్తో పట్టుకునే తీస్తుంటాను.

స్టెబిలైజేషన్ ఆన్‌లోనే ఉంది, అయినా మసగ్గా వస్తున్నాయన్నారు. అది మన చేతి వణుకునే సర్దుతుంది, పక్షి కదిలితే దానికేం చేయలేదు. అందుకే ముందు షట్టర్ స్పీడ్ (షట్టర్ ఎంతసేపు తెరిచి ఉంటుందో) చూడండి. 400 ఎంఎంకి 1/400 సెకను చాలన్నది ఫిల్మ్ నాటి లెక్క. మీది క్రాప్ సెన్సర్ కాబట్టి 1/640 అయినా ఉండాలి. కొమ్మ మీద కుదురుగా కూర్చున్న గూడబాతుకే నేను 1/1000 పెడతాను, ఎగిరేవాటికి 1/2000కి తగ్గను. మాన్యువల్ మోడ్‌లో షట్టర్, అపెర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) మనం పెట్టుకుని, ఫోటో వెలుగుని పెంచే ఐఎస్‌ఓని ఆటోకి వదిలేయడం మేలు. 3200కి వెళ్లినా కంగారు పడకండి. నాయిస్ (గరుకు చుక్కలు) తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిన ఈకలు మాత్రం తిరిగి రావు.

ఎడమ అరచేతిని లెన్స్ కింద కాస్త ముందుకు పెట్టి బరువంతా దాని మీదే మోయండి. మోచేతులు డొక్కలకి ఆనాలి. బటన్ నొక్కేటప్పుడే కెమెరా కదులుతుంది, కాబట్టి బర్స్ట్‌లో (బటన్ నొక్కి పట్టి వరసగా) మూడు నాలుగు తీయండి. మధ్యలోవి తరచూ బాగుంటాయి.

ఇక చాలామంది పట్టించుకోనిది ఎండ. పొద్దెక్కాక నీళ్ల మీదా, తారురోడ్డు మీదా వేడిగాలి లేస్తుంది. దూరం నుంచి తీస్తే పక్షి అంచులు అలల్లా వంకరపోతాయి, ఫోకస్ సరిగ్గానే పడినా ఫ్రేములో ఏదీ తేటగా ఉండదు. దీనికి ఏ సెట్టింగూ పనిచేయదు. పొద్దున్నే వెళ్లాలి, లేదా పక్షి బెదరనంత వరకు దగ్గరికి జరగాలి. కారులోంచి తీస్తుంటే ఏసీ ఆపి, అద్దాలు ముందే దించి ఉంచండి. లోపలి చల్లగాలి బయటి వేడిగాలితో కలిసినా ఇదే గొడవ.

మీ ఫోటోల్ని పెద్దవి చేసి చూడండి. ఫ్రేములో ఉన్నవన్నీ ఒకే దిక్కుకి సాగినట్టుంటే చెయ్యి కదిలింది. కొమ్మ తేటగా ఉండి దాని మీది పక్షి మాత్రమే చెదిరితే పక్షి కదిలింది. పక్షి వెనక ఆకులు తేటగా ఉంటే ఫోకస్ తప్పింది, సింగిల్ పాయింట్ ఫోకస్ పెట్టి పక్షి కంటి మీద పట్టండి.

ఇవేవీ కాదనిపిస్తే లెన్స్ ముందున్న ఫిల్టర్ తీసేసి, పది మీటర్ల దూరంలో గోడకి న్యూస్‌పేపర్ అంటించి, కెమెరాని బల్ల మీద పెట్టి టైమర్‌తో తీయండి. అప్పుడూ అక్షరాలు మసగ్గానే ఉంటే లెన్స్‌ని సర్వీస్ సెంటర్‌లో చూపించాల్సిందే.