స్లీపింగ్ డాగ్స్ ఇప్పుడు కొని ఆడొచ్చా? అది నిజంగా పోలీసు గేమేనా?

తమ్ముడూ, నువ్వు మూడు విషయాలు అడిగావు. జీటీఏ ఫైవ్ పూర్తయ్యాక ఇంకో ఓపెన్ వరల్డ్ గేమ్ (ఊరంతా ఇష్టమొచ్చినట్టు తిరగగలిగేది) కోసం వెతుకుతుంటే 2012 నాటి స్లీపింగ్ డాగ్స్ కనపడింది, అది ఇప్పుడు ఆడినా బాగుంటుందా? అందరూ పోలీసు గేమ్ అంటున్నారు, అందులో పోలీసు పని ఏమైనా ఉందా? నీ పాత ల్యాప్‌టాప్‌లో నడుస్తుందా? నేను ఈ గేమ్‌ను రెండుసార్లు ఆడాను. రెండోసారి ఆడేటప్పుడు నా పక్కన మా నాయన కూర్చున్నాడు. ఆయన నెల్లూరు జిల్లాలోనే కానిస్టేబుల్‌గా చేరి, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. అందుకని నీ రెండో ప్రశ్నకే ఎక్కువ రాస్తాను, ఏమనుకోవద్దు.

మొదటిసారి ఆడింది 2013లో, కావలిలో మా పిన్ని వాళ్లింట్లో. తమ్ముడి కంప్యూటర్‌లో, ఒక షాపులో రాయించుకొచ్చిన డిస్కుతో. సగం కథ దాటాక ఒక మిషన్ దగ్గర గేమ్ ఆగిపోయేది. ఎన్నిసార్లు పెట్టినా అక్కడే ఆగేది. చివరికి సేవ్ కూడా పోయింది. మళ్లీ మొదట్నించి ఆడి పూర్తి చేశాను కానీ ఆ వారం పడిన బాధ ఇంకా గుర్తుంది. కాబట్టి ఆడితే అసలు కాపీ కొనుక్కునే ఆడు. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో తరచూ బాగా తగ్గింపు పెడుతుంటారు, ఓపిక పడితే చాలా తక్కువకే వస్తుంది. 2014లో వచ్చిన డెఫినిటివ్ ఎడిషన్ తీసుకో. తర్వాత విడిగా అమ్మిన అదనపు కథలన్నీ అందులోనే ఉన్నాయి.

కథ మొత్తం చెప్పను, మొదటి అరగంటలో తెలిసేది మాత్రం చెప్తాను. హీరో పేరు వెయ్ షెన్. చిన్నప్పుడు హాంకాంగ్‌లో పెరిగి, అమెరికా వెళ్లి శాన్‌ఫ్రాన్సిస్కోలో పోలీసైనవాడు. హాంకాంగ్ పోలీసులు అతన్ని పిలిపించి, సన్ ఆన్ యీ అనే ట్రయాడ్ ముఠాలోకి రహస్యంగా పంపిస్తారు. ట్రయాడ్ అంటే అక్కడి పాత నేర ముఠాలు. ముఠాలోకి దారి చూపించేది జాకీ, వెయ్‌కి చిన్ననాటి స్నేహితుడు. జాకీ పరిచయంతోనే వెయ్ ముఠా నాయకుల్లో ఒకడైన విన్‌స్టన్ దగ్గర చేరతాడు. అంటే మొదటి రోజు నుంచే అతని ఉద్యోగం ఒక స్నేహితుడి నమ్మకం మీద నిలబడింది. గేమ్ బలమంతా ఇక్కడే ఉంది.

2021లో కరోనా రోజుల్లో నేను నెల్లూరులో ఇంట్లోనే ఉండి పని చేస్తున్నాను. నాయన రిటైరై ఏడాది అయింది. ముప్పై ఏళ్లకు పైగా రాత్రి బీట్లు, బందోబస్తులు తిరిగిన మనిషికి ఇంట్లో కూర్చోవడం చాలా కష్టంగా ఉండేది. టీవీలో వార్తలు చూస్తే టెన్షన్. ఒక రాత్రి నేను టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి ఈ గేమ్ మొదలుపెడితే, వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పోలీసు కథ అని చెప్పాను.

మొదట్లోనే ఒక మిషన్ వస్తుంది. నార్త్ పాయింట్‌లో రాత్రి పూట నడిచే బజారులో వెయ్, జాకీ కలిసి బండ్ల వాళ్ల దగ్గర మామూళ్లు వసూలు చేయాలి. ఇవ్వకపోతే కొట్టాలి. నాయన కాసేపు చూసి, "వాడు పోలీసోడు గదరా, మామూళ్లు వసూలు చేస్తాడేంది?" అన్నాడు. ముఠాలో నమ్మకం సంపాదించాలంటే తప్పదు నాయనా అని చెప్పాను. ఆయన ఇంకేమీ అనకుండా లేచి లోపలికి వెళ్లిపోయాడు. గేమ్ నచ్చలేదనుకున్నాను. మర్నాడు రాత్రి భోజనాలయ్యాక ఆయనే వచ్చి, "ఆ కుర్రాడు ఏమయ్యాడు?" అని అడిగాడు.

అక్కడినుంచి పన్నెండు పదమూడు రాత్రులు ఇద్దరం కలిసే చూశాం.

ఆయనకు బాగా నచ్చింది మార్కుల పద్ధతి. ప్రతి మిషన్‌లో రెండు లెక్కలు నడుస్తాయి. పోలీసు మార్కులు మొదట నిండుగా ఉంటాయి. దారిన పోయేవాళ్లను గుద్దినా, బండ్లూ వస్తువులూ పగలగొట్టినా తగ్గుతూ వస్తాయి. ముఠా మార్కులు సున్నా నుంచి మొదలై, ఎంత కసిగా కొడితే అంత పెరుగుతాయి. ఇవి కాక పేటలో జనానికి చిన్న చిన్న సాయాలు చేస్తే వచ్చే పరువు మార్కులు వేరు. నేను కారు తిప్పడంలో ఒక పండ్ల బండిని గుద్దేస్తే నాయన నిజంగా బాధపడేవాడు. "ఆ బండివాడికి నష్టం ఎవరిస్తారు?" అనేవాడు. పోలీసు మార్కులు తగ్గాయని స్క్రీన్ మీద చూపిస్తే, "అట్లా ఉండాల" అన్నాడు. జీటీఏలో మనం ఎవర్ని గుద్దామో గుర్తు కూడా ఉండదు. ఇక్కడ మిషన్ చివర లెక్క చెప్తారు. నాయన పక్కనుంటే నేను కారు నిదానంగా నడపడం మొదలుపెట్టాను, ఆట కూడా అట్లాగే ఇంకా బాగుందనిపించింది.

కారు మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. హాంకాంగ్‌లో బండ్లు మనలాగే ఎడమ పక్కన పోతాయి, స్టీరింగ్ కుడి పక్కన ఉంటుంది. గేమ్‌లోనూ అంతే. కుడి పక్కన నడపడానికి అలవాటుపడ్డ దేశాల ఆటగాళ్లకు ఇది మొదట్లో ఇబ్బందే. ట్రంక్ రోడ్డులో బండి నడిపిన మనకు మాత్రం హాయిగా ఉంటుంది. నడక, ఇరుకు సందులు, రోడ్డు పక్క తిండి బండ్లు, వాన పడితే తళతళలాడే దుకాణాల లైట్లు, ఇవన్నీ చూస్తుంటే అమెరికా నగరాల గేమ్‌ల కన్నా మనకు దగ్గరగా అనిపిస్తుంది. ఊళ్లో అక్కడక్కడా చిన్న గుళ్లలాంటివి ఉంటాయి. దండం పెట్టుకుంటూ పోతే వెయ్ దెబ్బలు తట్టుకునే శక్తి పెరుగుతుంది. మా అమ్మ వంటింట్లోంచి వస్తూ పోతూ చూసి, "ఏరా, అక్కడ దండం పెట్టుకోకుండా పోతున్నావే" అని గుర్తుచేసేది.

కొట్లాటల గురించి ఆటగాళ్లందరిదీ దాదాపు ఒకే మాట, నాదీ అదే. ఈ గేమ్ కొనడానికి అదొక్కటి చాలు. హాంకాంగ్‌లో తుపాకీ చట్టాలు చాలా గట్టివి, అందుకే కథలో చాలాసేపు తుపాకీ చేతికే రాదు. చేతులు, కాళ్లు, దొరికితే కత్తి. చుట్టూ నలుగురైదుగురు చేరతారు. కొట్టబోయేవాడు ఎర్రగా మెరిసినప్పుడు సరిగ్గా బటన్ నొక్కితే వాడి చెయ్యి పట్టి తిప్పేయొచ్చు. మనిషిని పట్టుకుని చేపల తొట్టిలోకో, టెలిఫోన్ బూత్‌లోకో నెట్టొచ్చు. పోగొట్టుకున్న పచ్చరాతి బొమ్మలు వెతికి తెచ్చి గురువుకు ఇస్తే కొత్త ఎత్తులు నేర్పిస్తాడు. మొదట్లో బటన్లు ఇష్టమొచ్చినట్టు నొక్కి దెబ్బలు తింటాం. నాలుగైదు గంటలకు చెయ్యి కుదురుతుంది. ఆ తర్వాత ఒక్క దెబ్బ తినకుండా ఆరుగురిని కూలిస్తే వచ్చే ఆనందం వేరే గేమ్‌లో నాకు దొరకలేదు. నడుస్తున్న కారులోంచి పక్క కారు మీదికి దూకి దాన్ని లాక్కోవడం కూడా ఉంది. నమ్మశక్యం కాదు గానీ చాలా బాగుంటుంది.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. ఇది పోలీసు గేమేనా? యూనిఫాం, స్టేషన్, చలాన్లు, ఎఫ్ఐఆర్లు కావాలంటే ఇది కాదు. పోలీసు కేసులు కొన్ని ఉన్నాయి, మాదకద్రవ్యాలు అమ్మేవాళ్లను పట్టించే పని ఉంది. ముందు అక్కడున్న మనుషుల్ని కొట్టి, కెమెరాను లొంగదీసుకుని, ఇంటికి వచ్చి టీవీలో చూస్తూ సరుకు తెచ్చేవాడెవడో గుర్తుపట్టి పట్టించాలి. నాయన దీన్ని ఇష్టంగా చూసేవాడు. "ఆ టోపీవాడు, వాడే, చేతులు చూడు" అని ముందే చెప్పేవాడు. కానీ నాలుగోదానికి అన్నీ ఒకేలా ఉన్నాయని తెలిసిపోతుంది. చాలామంది ఆటగాళ్లకు విసుగు పుట్టించేది ఇదే, వాళ్లు చెప్పేది న్యాయమే.

మఫ్టీలో ఉన్న మనిషి మనసు గురించి అయితే, ఇంతకన్నా పోలీసు గేమ్ నేను ఆడలేదు. ఈ మాట పూర్తిగా నాది కాదు, సగం నాయనది.

వెయ్‌కి పైన రేమండ్ అనే అధికారి ఉంటాడు. వెయ్ చెప్పేది వింటాడు, పనులు అప్పగిస్తాడు. వెయ్ ముఠావాళ్లతో మరీ కలిసిపోతున్నాడని అతనికి అనుమానం. ఒకచోట ఇద్దరూ గట్టిగా వాదించుకుంటారు. అది చూసి నాయన గేమ్ ఆపమన్నాడు. ఏళ్ల కిందట రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గర జేబుదొంగల కోసం తనను మఫ్టీలో వేసిన సంగతి అప్పుడు చెప్పాడు. చెరువులో జనం రొట్టెలు మార్చుకుంటుంటే గట్టు మీద ఒక టీ బండి దగ్గర నిలబడేవాడట. అక్కడికే ఒక కుర్రాడు వచ్చేవాడు. రెండు రోజులు ఇద్దరూ కలిసి టీ తాగారు, ఒకరోజు డబ్బులు ఆ కుర్రాడే ఇచ్చాడు. వాళ్లమ్మకు కళ్లు కనపడవని, రొట్టె పట్టుకోవడానికి తీసుకొచ్చానని చెప్పాడు. మూడో రోజు ఒక ముసలాయన జేబులో చెయ్యి పెట్టగానే నాయనే పట్టుకున్నాడు. కుర్రాడు పారిపోవడానికి కూడా చూడలేదట. "అన్నా, నువ్వా?" అన్నాడట. ఆ మాట చెప్పి నాయన కాసేపు ఊరుకున్నాడు. వాళ్లమ్మ మాట నిజమేనా అని అడిగాను. నిజమే, రాత్రి ఆమెను బస్సెక్కించింది నేనే అన్నాడు. ఇన్నేళ్లలో ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత జాకీ స్క్రీన్ మీదికి వచ్చినప్పుడల్లా నాకు ఇంకోలా కనిపించాడు. విన్‌స్టన్ పెళ్లి మిషన్ దగ్గరికి వచ్చేసరికి, అక్కడేం జరుగుతుందో నాకు ముందే తెలిసినా, ఆడటం కష్టమైంది. అక్కడేముందో చెప్పను, నువ్వే చూడు. ఆ మిషన్ మాత్రం రాత్రి నిద్ర ముంచుకొస్తున్నప్పుడు మొదలుపెట్టొద్దు.

లోపాలు కూడా ఉన్నాయి. ఊరు చిన్నది. నార్త్ పాయింట్, సెంట్రల్, కెన్నెడీ టౌన్, అబర్డీన్, అంతే. జీటీఏలో తిరిగినట్టు గంటలకు గంటలు ఊరికే తిరగడానికి సరిపోదు. వెయ్‌కి పరిచయమయ్యే అమ్మాయిల కథలు ఒకటి రెండు మిషన్లకే ఆగిపోతాయి, తర్వాత వాళ్లు లేనట్టే. ఇది నాకు చాలా వెలితిగా అనిపించింది, ఎందుకంటే మగవాళ్ల స్నేహాలను అంత బాగా రాసినవాళ్లు ఇక్కడ శ్రద్ధ పెట్టలేదు. చివరి భాగం కూడా తొందరగా చుట్టేశారు.

దానికి గేమ్ పుట్టుక కూడా కొంత కారణమని నా అభిప్రాయం. కెనడాలోని వాంకూవర్‌లో ఉండే యునైటెడ్ ఫ్రంట్ గేమ్స్ దీన్ని తయారుచేసింది. మొదట యాక్టివిజన్ కంపెనీ దీన్ని ట్రూ క్రైమ్ అనే తన పాత గేమ్‌ల వరసలో హాంకాంగ్ గేమ్‌గా తేవాలనుకుంది. 2011 ఫిబ్రవరిలో రద్దు చేసింది. అదే ఏడాది స్క్వేర్ ఎనిక్స్ అనే ఇంకో గేమ్ కంపెనీ తీసుకుంది, పేరు మార్చి 2012 ఆగస్టులో విడుదల చేసింది. ఒకరు వద్దని పారేసిన గేమ్ ఇది. రెండో భాగం రాలేదు, 2016లో ఆ స్టూడియోనే మూతపడింది. పాత ఆటగాళ్లు దీని గురించి మాట్లాడేటప్పుడు గొంతులో కొంచెం బాధ వినిపిస్తుంది. నాకూ అంతే. అంత ప్రాణం పెట్టి పనిచేసినవాళ్లకు ఇంకో అవకాశం రావాల్సింది.

యూనిఫాం చూడాలని నీకు ఉంటే అసలు కథ అయ్యాక ఇయర్ ఆఫ్ ద స్నేక్ అనే అదనపు కథ ఆడు. డెఫినిటివ్ ఎడిషన్‌లోనే ఉంటుంది. అందులో వెయ్‌ని మామూలు బీటు పోలీసుగా దించేస్తారు. బేడీలు వేయొచ్చు, బాష్పవాయువు వాడొచ్చు. చిన్నది, అసలు కథంత బరువు లేదు. నాయన మాత్రం వెయ్ ఖాకీ కాకపోయినా యూనిఫాంలో కనపడగానే నిటారుగా కూర్చుని, "ఇప్పుడు బాగున్నాడు" అన్నాడు.

ఇక ల్యాప్‌టాప్. నువ్వు చెప్పిన 8 జీబీ ర్యామ్, చిన్న గ్రాఫిక్స్ కార్డు దీనికి సరిపోతాయి. డెఫినిటివ్ ఎడిషన్ కనీసం అడిగేది 4 జీబీ ర్యామే, డిస్కులో 20 జీబీ ఖాళీ ఉంచుకో. సెట్టింగుల్లో యాంటీ ఏలియాసింగ్ (బొమ్మల అంచులను నునుపుగా చూపించేది) ఒక్కటి జాగ్రత్త. హై, ఎక్స్‌ట్రీమ్ పెడితే మంచి కార్డులే ఇబ్బంది పడతాయి, నార్మల్‌లో ఉంచితే ఆట వెంటనే తేలికవుతుంది. నీడల నాణ్యత కూడా ఒక మెట్టు తగ్గించు. నేను ఎండాకాలం ఆడాను, ల్యాప్‌టాప్ బాగా వేడెక్కేది, కింద రెండు పుస్తకాలు పెట్టి ఫ్యాన్ కింద కూర్చుంటే సరిపోయింది. కీబోర్డుతో కూడా ఆడొచ్చు కానీ కొట్లాటల్లో వెంటవెంటనే తిప్పికొట్టాలంటే కంట్రోలర్‌తోనే చెయ్యి కుదురుతుంది. స్నేహితుల దగ్గర ఉంటే వారం రోజులకు అడిగి తెచ్చుకో.