గోడకు సిమెంట్ వద్దు, తామ్రపత్రానికి చింతపండు వద్దు

ప్రశ్న: తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్నోళ్లు 1950లలో చందాలేసుకుని కట్టిన హాలు మా దగ్గర ఉంది. ఇటుక, డంగు సున్నం గోడలు, టేకు దూలాల మీద సన్న ఇటుకలు సున్నంతో పేర్చిన మద్రాస్ మిద్దె. కొన్నేండ్ల కింద గోడలకు సిమెంట్ పూత వేయించినం. ఇప్పుడు కింది మూడడుగులు పెచ్చులూడి, తెల్లగా ఉప్పు పేరుకుంటున్నది. మిద్దె కురుస్తున్నది. కూలగొట్టి షాపులు కడదామంటున్నరు కొందరు. నిలబెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి గోడలను నిలబెట్టొచ్చు. వాటి జబ్బు వయసుది కాదు, సిమెంట్‌ది. పునాది నుంచి ఎక్కే తేమ ఇన్నాళ్లూ సున్నం పూతలోంచి ఆరిపోయేది. సిమెంట్ ఆ దారి మూసేసింది. లోపల చిక్కిన తేమ ఇంకా పైకెక్కి, ఆరేచోట ఉప్పు గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. వాటర్‌ప్రూఫ్ మందు కలిపి మళ్లీ సిమెంటే పూస్తే పెచ్చులు మరో అడుగు పైన లేస్తాయి, అంతే.

ముందు బయట చూడండి. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి లేచి, పాత భవనాలు గుంతలో పడడం మన పట్టణాల్లో మామూలే. గోడ పక్కన పేరుకున్న మట్టి తీసి, వాన నీళ్లు దూరంగా పోయేలా వాలు పెట్టకపోతే లోపలి పనంతా దండగ.

దీపావళి దాటాక, తడి మరక కన్నా అడుగు పైదాకా సిమెంట్ పూత తీయించండి. చిన్న ఉలి, సుత్తి చాలు; డ్రిల్ మెషిన్ పెడితే ఇటుక ముఖం లేచిపోతుంది. ఉప్పును పొడి బ్రష్‌తోనే దులపాలి. కడిగితే కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. మూడు నెలలు ఆరనిచ్చి ఫిబ్రవరిలో పూయండి. ఏప్రిల్, మే వడగాలికి సున్నం పూత పగుళ్లిస్తుంది.

రాతి సున్నాన్ని గుంతలో కనీసం రెండు వారాలు నాననివ్వాలి, నెలైతే ఇంకా మేలు. నానని పలుకులు పూత వేశాక ఉబ్బి, బొబ్బల్లా లేస్తాయి. వడకట్టిన సున్నం 1 పాలు, ఇటుక పొడి 1, ఇసుక 2 కలిపి మెత్తగా రుబ్బాలి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే నల్లా నీళ్లే వాడండి. ఒక్కో పూత 10–12 మిల్లీమీటర్లు మించొద్దు. తడి గోనెపట్టాలు కట్టి పది రోజులు తేమ నిలపాలి. పైన మూడు చేతులు సున్నమే. ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే కథ మళ్లీ మొదటికే.

మిద్దె మీద కాంక్రీటు పరవనే పరవకండి. ఆ బరువు దూలాలు మోయలేవు. దూలం చివర గోడలో దిగే చోటే మొదట పుచ్చుతుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మెత్తగా దిగిందా, జాకీ పెట్టించి స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవండి. చెదలుంటే గోడ, గచ్చు కలిసేచోట అడుగుకో 12 మిల్లీమీటర్ల రంధ్రం చేసి క్లోరోపైరిఫాస్ 20 ఈసీ అనే చెదల మందు పోయిస్తారు, లీటరు మందుకు 19 లీటర్ల నీళ్లు. ఆ పని లైసెన్సున్నవాళ్లకే ఇవ్వండి.

ప్రశ్న: ఇలాంటి హాలుకు చట్టపరమైన రక్షణ దొరుకుతుందా?
– దేవరకొండ నుంచి

జవాబు: కేంద్ర పురావస్తు చట్టం (1958) నూరేండ్లు దాటినవాటికి. రాష్ట్ర వారసత్వ చట్టం (2017) దారి చూడండి: ఫొటోలు, కొలతల ప్లాన్, ఎవరు ఎప్పుడు కట్టారో ఆధారాలతో కలెక్టరుకు, హెరిటేజ్ తెలంగాణ శాఖకు దరఖాస్తు పెట్టాలి. అంతకన్నా ముందు స్థలం ఎవరి పేరున ఉందో తేల్చుకోండి. వ్యవస్థాపకులు పోయాక, హాలును నడిపే సొసైటీ లెక్కలు, కార్యవర్గం జాబితా సొసైటీల రిజిస్ట్రార్‌కు ఇవ్వడం ఆగిపోతుంది. తగాదాలన్నీ అక్కడే పుడతాయి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) తీసి, సర్వసభ్య సమావేశం పెట్టి కొత్త కార్యవర్గాన్ని ఎన్నుకోండి. చందాలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇప్పిస్తామంటే గుర్తుంచుకోండి: రూ.2,000 మించిన నగదుకు అది వర్తించదు.

ప్రశ్న: హాల్లో, స్వాతంత్ర్య సమరయోధులకు ప్రభుత్వం ఇచ్చిన 1972 నాటి తామ్రపత్రం నల్లబడింది. చింతపండుతో తోమొచ్చా?
– నాగర్‌కర్నూల్ పాఠకురాలు

జవాబు: వద్దు. చింతపండు, పీతాంబరి పొడి రాగిని పొర పొరగా తీసేస్తాయి. ప్రతి ఆగస్టు 15కూ తోమితే అక్షరాలు అరిగిపోతాయి. నలుపు రాగికి హాని చేయదు. పొడి నూలుగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం మ్యూజియం వాళ్లకు చూపించండి. పక్కనున్న పాత ఫొటోలను లామినేషన్ చేయించొద్దు, ఒకసారి అతికితే మళ్లీ ఊడదీయలేరు. స్కాన్ చేయించి, అసలువి బీరువాలో పెట్టి, గోడకు నకళ్లు తగిలించండి.