రెండు ఫోటోలు కలిపితే బూడిద రంగులోకి పోతున్నాయా? ముందు ఒపాసిటీని వదిలేయండి

మీరు అడిగింది ఇది: గోధుమ రంగు గోడ ముందు పక్కకు తిరిగి నిలబడిన అమ్మాయి ఫోటో మీద అడవి ఫోటో పెట్టి, పై లేయరు (పొర) ఒపాసిటీని, అంటే అది కింది ఫోటోను ఎంత కప్పుతుందన్నదాన్ని, సగానికి తగ్గించారు. తలలోంచి చెట్లు మొలుచుకొచ్చినట్టు కనిపించాలని మీ ఉద్దేశం. తీరా చూస్తే ముఖమూ చెట్లూ రెండూ వెలిసిపోయాయి. 40, 60, 70 శాతాలు కూడా పెట్టి చూశారు. వీటిలో సరైన అంకె ఏది, దీనికి డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనాలా అని అడిగారు.

సరైన అంకె అంటూ ఏదీ లేదు. ఇలాంటి చిత్రాలు నేను చాలా కాలంగా, ఎంతో ఇష్టంగా చేస్తున్నాను. వాటిలో బాగా కుదిరిన ఒక్కదానిలో కూడా రెండు ఫోటోలను కలిపింది ఒపాసిటీ కాదు. ఎందుకో తెలిస్తే మిగతా పనంతా మీకే తోస్తుంది కాబట్టి ముందు అది చెబుతాను.

ఒపాసిటీ తగ్గించడమంటే రెండు ఫోటోల సగటు తీయడం. కంప్యూటర్ లెక్కలో నలుపు 0, తెలుపు 255. అడవిలో చెట్టు మాను నల్లగా ఉండి, దాని కింద చెంప తెల్లగా ఉంటే, 50 శాతం దగ్గర వచ్చేది ఇంచుమించు 128, అంటే బూడిద రంగు. అడవి ఫోటోలోని నలుపు తెలుపుల మధ్య దూరం సగానికి పడిపోతుంది, ముఖం ఫోటోలోనూ అంతే. కాంట్రాస్ట్ సగం పోగొట్టుకున్న రెండు ఫోటోలు ఒకే చోటు కోసం పోటీపడుతుంటే కన్ను దేన్నీ పట్టుకోలేదు. అంకె మార్చినప్పుడల్లా ఒకదానికి కాస్త బలం ఇచ్చి రెండోదాని నుంచి అంతే లాక్కుంటున్నారు.

ఈ ఎఫెక్ట్ పుట్టింది ఫిల్ము కెమెరాలో. ఒకే ఫ్రేము మీద రెండుసార్లు ఫోటో తీసేవారు. మొదటిసారి వెలుతురు బాగా పడిన చోట ఫిల్ము అప్పటికే నిండిపోయి ఉంటుంది, రెండో బొమ్మకు అక్కడ చోటుండదు. మొదటిసారి చీకటిగా ఉన్న చోట ఫిల్ము దాదాపు ఖాళీగా ఉంటుంది, రెండో బొమ్మ పూర్తి బలంతో అక్కడే వచ్చి కూర్చుంటుంది. తెల్లటి ఆకాశం ముందు నల్లటి ఆకారంగా నిలబడిన మనిషిలో అడవి అంత స్పష్టంగా కనిపించడానికి కారణం ఇదే. అక్కడ సగటు తీయడమన్నది లేదు, వెలుతురు మీద వెలుతురు చేరుతుంది.

మీ సాఫ్ట్‌వేర్‌లో ఇంచుమించు ఈ పని చేసే బ్లెండ్ మోడ్ (పై లేయరును కింది దానితో కలిపే పద్ధతి) పేరు స్క్రీన్. పై లేయరును ఎంచుకుని, నార్మల్ అని ఉన్న చోట స్క్రీన్ పెట్టండి, ఒపాసిటీని మళ్లీ 100 చేయండి. లెక్క కూడా సులువే. నలుపును 0, తెలుపును 1 అనుకుంటే, స్క్రీన్ రెండు ఫోటోలనూ తిరగేసి గుణించి, వచ్చినదాన్ని మళ్లీ తిరగేస్తుంది. కింద నలుపు ఉంటే పై ఫోటో ఉన్నది ఉన్నట్టు వస్తుంది. కింద తెలుపు ఉంటే పైన ఏమున్నా తెలుపే. రెండు చోట్లా 0.5 ఉంటే 0.75 వస్తుంది, అంటే ఫలితం ఎప్పుడూ వెలుగు వైపే జరుగుతుంది. మల్టిప్లై దీనికి సరిగ్గా వ్యతిరేకం: 0.5ను 0.5తో గుణిస్తే 0.25. లైట్ బాక్స్ (అడుగు నుంచి వెలుగిచ్చే పెట్టె) మీద రెండు ఫిల్ము స్లైడులను ఒకదానిపై ఒకటి పెట్టి చూస్తే వచ్చే ఫలితం అది. అక్కడ తెలుపు మాయమవుతుంది, నలుపు నిలుస్తుంది.

కాబట్టి లేయర్లు పేర్చడానికి ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ చిత్రంలో నీడలు ఎవరివి, వెలుగులు ఎవరివి? నీడలు అడవికి ఇచ్చేస్తే వెలుగులు ముఖానివి కావాలి. ఒకే చోట ఇద్దరికీ సమాన హక్కు ఇస్తే మళ్లీ బూడిదే. నేను ఏ రెండు ఫోటోలు తీసుకున్నా ముందు రెండింటినీ నలుపు తెలుపులోకి మార్చి పక్కపక్కన పెట్టుకుని చూస్తాను. రంగులు తీసేస్తే ఏది ఎక్కడ చీకటో, ఎక్కడ వెలుగో దాపరికం లేకుండా తెలుస్తుంది. ఒక ఫోటోలో పెద్ద, నిండైన చీకటి ప్రాంతం కనబడకపోతే ఆ జతను పక్కన పెట్టేస్తాను, ఫోటో ఎంత అందంగా ఉన్నా సరే.

స్క్రీన్ పెట్టాక మొదట కనిపించేది నిరాశ కలిగించవచ్చు. ముఖం మీద అక్కడక్కడా తెల్లటి మచ్చలు వస్తాయి. అవి అడవి ఫోటోలోని ఆకాశం. ఆకాశం తెలుపు కనుక కింద ఉన్నదాన్ని తినేస్తోంది. ఇక్కడే ఈ పనిలో నాకు అన్నింటికంటే ఇష్టమైన దశ మొదలవుతుంది. మూవ్ టూల్ పట్టుకుని అడవిని నెమ్మదిగా జరపండి. చెట్ల కొసలు తల పైఅంచు దగ్గరికి వచ్చేలా చూడండి. అడవి ఆకాశమూ, ముఖం వెనుక ఉన్న తెల్లటి నేపథ్యమూ (మీ గోధుమ రంగు గోడ సంగతి చివర చెబుతాను) అక్కడ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తల గీత ఉన్నట్టుండి తెగిపోయి, దాని స్థానంలో చెట్ల కొసలు నిలబడతాయి. మీరు కోరుకున్న మొలుచుకొచ్చే భ్రమ ఆ తెగిన గీతలోనే ఉంది. అడవి అడుగున ఉన్న చీకటి చెంప మీదకు వస్తే చెంప చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, ఎందుకంటే స్క్రీన్‌లో నలుపు ఏమీ చేయదు. అడవిని అడ్డంగా తిప్పండి, పెద్దది చేయండి, ఒకసారి తలకిందులుగా కూడా పెట్టి చూడండి. బ్రష్ ముట్టుకోకముందే బొమ్మ ముప్పావు వంతు తయారవ్వాలి. అలా కానప్పుడు మాస్క్‌తో (లేయరులో కొంత భాగాన్ని చెరపకుండా దాచే పొరతో) సరిదిద్దడం కంటే వేరే అడవి ఫోటో వెతుక్కోవడం నయం.

మరో సంగతి. ముఖం వెనుక నేపథ్యం నిజంగా తెల్లగా, అంటే 255 దగ్గర ఉంటే, మనిషిని కత్తిరించే పనే లేదు. వెంట్రుక వెంట్రుకకూ సెలక్షన్ గీస్తూ కూర్చునేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది, స్క్రీన్ ఆ పనిని తనంతట తానే చేసిపెడుతుంది కదా. కానీ చూడటానికి తెల్లగా ఉన్న గోడ చాలాసార్లు 235 దగ్గర ఉంటుంది. అప్పుడు బయట కూడా అడవి లీలగా కనిపిస్తూ చిత్రాన్ని మురికి చేస్తుంది. ఐడ్రాపర్‌ను (రంగు అంకె చూపే టూల్) నేపథ్యం మీద పెట్టి అంకె చూడండి. తక్కువగా ఉంటే లెవెల్స్‌లో (నలుపు తెలుపుల హద్దులు సర్దే సవరణలో) తెల్ల స్లయిడర్‌ను ఎడమకు జరపండి. జుట్టు అంచుల దగ్గర ఇంకా బూడిద మిగిలితే, రుద్దిన చోట వెలుగు పెంచే డాడ్జ్ టూల్‌ను హైలైట్స్‌కు పెట్టి తక్కువ బలంతో రుద్దండి. అది వెలుగులనే ఎత్తుతుంది, నల్లటి వెంట్రుకల జోలికి పెద్దగా పోదు.

ఇప్పుడు మాస్క్. ఎరేజర్ మాత్రం వాడకండి, చెరిపింది తిరిగి రాదు. అడవి లేయరుకు మాస్క్ పెట్టి, మెత్తటి బ్రష్ తీసుకుని, ఫ్లో (ఒక్కో పూతలో పడే రంగు మోతాదు) 10 శాతం దగ్గర ఉంచి నలుపుతో కొద్దికొద్దిగా పూయండి. నలుపు పూసిన చోట అడవి దాగుతుంది, తెలుపు పూస్తే తిరిగి వస్తుంది, బూడిద పూస్తే సగం కనిపిస్తుంది. ఫోటోషాప్‌లోనూ, గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనూ ఎక్స్ కీ నొక్కితే నలుపు తెలుపు తారుమారవుతాయి, చెయ్యి మౌస్ మీద నుంచి తీయనవసరం లేదు. కన్ను, ముక్కు కొస, పెదవుల గీత, ఈ మూడింటినీ అడవి నుంచి విడిపిస్తే చాలు, చూసేవాళ్లు మనిషిని వెంటనే గుర్తుపడతారు. అంతకు మించి శుభ్రం చేస్తే రెండు ఫోటోలూ విడిపోయి, ఒకదానిపై ఒకటి అతికించినట్టు కనిపిస్తాయి. చెంప మీద ఒకటి రెండు కొమ్మలు ఉండనివ్వండి.

మాస్క్ అనే ఆలోచన కంప్యూటర్ కంటే చాలా పాతదని చెప్పకుండా ఉండలేకపోతున్నాను. 1857లో ఆస్కార్ రేలాండర్ అనే ఫోటోగ్రాఫర్ 30కి పైగా నెగెటివ్‌లతో ఒకే పెద్ద చిత్రం తయారుచేశారు. ఒక్కో నెగెటివ్‌ను అచ్చు వేసేటప్పుడు కాగితంలో మిగతా భాగమంతా కప్పి ఉంచేవారు. మనం నలుపు పూసి దాచేది, ఆయన కప్పి దాచారు. ఫోటోషాప్‌లోకి లేయర్లు 1994లో, 3.0 వెర్షన్‌తో వచ్చాయి.

చేత్తో పూయడం కష్టమనిపిస్తే వెలుగునే మాస్క్‌గా వాడవచ్చు. ఫోటోషాప్‌లో లేయర్ స్టైల్ తెరిస్తే అడుగున బ్లెండ్ ఇఫ్ అనే స్లయిడర్లు ఉంటాయి. కింది లేయరు స్లయిడర్‌లో తెల్ల త్రికోణాన్ని ఎడమకు జరిపితే, ముఖంలో వెలుగున్న చోట్ల నుంచి అడవి తప్పుకుంటుంది. ఆల్ట్ కీ పట్టుకుని లాగితే ఆ త్రికోణం రెండుగా చీలి, మార్పు మెత్తగా జరుగుతుంది. గింప్‌లో అయితే ముఖం లేయరు నకలు తీసి, రంగులు తిరగేసి, దాన్ని అడవి మాస్క్‌లో అతికించండి. ముఖంలో చీకటిగా ఉన్నచోట మాస్క్ తెల్లగా ఉంటుంది కాబట్టి అడవి అక్కడే కనిపిస్తుంది.

ఇంత చేశాక కూడా ఏదో అతుకు కనిపిస్తోందంటే కారణం సాధారణంగా రంగే. ముఖం పసుపు వెలుగులో తీసింది, అడవి నీలి నీడలో తీసింది అయితే, అవి వేర్వేరు చోట్లవని కన్ను క్షణంలో కనిపెడుతుంది. అడవి రంగును సాచురేషన్‌తో బాగా తగ్గించండి, ఆ సవరణ అడవి లేయరుకే వర్తించేలా క్లిప్ చేయండి. తర్వాత అన్నింటి పైన ఒక గ్రేడియెంట్ మ్యాప్ (చీకటి వెలుగులకు మీరు ఎంచిన రంగులు వేసే పొర) పెట్టి, నీడలకు ఒక ముదురు రంగు, వెలుగులకు ఒక లేత రంగు ఇవ్వండి. ఆ పొర ఒపాసిటీని మాత్రం 20, 30 శాతం దగ్గర ఉంచండి. ఒపాసిటీ ఉపయోగపడే చోటు ఇదే: కలపడానికి కాదు, కలిసిన తర్వాత రుచి సరిచూసుకోవడానికి.

చివరి పొర నూగు, అంటే ఫోటోలో కనిపించే సన్నటి చుక్కలు; సాఫ్ట్‌వేర్‌లో దాని పేరు నాయిస్. రెండు కెమెరాల ఫోటోల్లో నాయిస్ ఒకేలా ఉండదు. 50 శాతం బూడిద రంగు నింపిన లేయరును ఓవర్‌లే అనే బ్లెండ్ మోడ్‌లో పెడితే అది కనిపించదు, ఆ మోడ్‌లో ఆ బూడిదకు ఏ ప్రభావమూ లేదు. దాని మీద కొద్దిగా నాయిస్ చేర్చండి. ఆ నూగు ముఖం మీదా అడవి మీదా ఒకేలా పడి రెండింటినీ ఒకే ఫోటోగా చేస్తుంది. చిన్న పనే, కానీ నేను దీన్ని ఎప్పుడూ మానను.

సేవ్ చేసేటప్పుడు పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు) లేదా ఎక్స్‌సీఎఫ్‌గా (గింప్ ఫైలు) ఒక ప్రతి ఉంచుకోండి, జేపెగ్‌లో లేయర్లు మిగలవు. లెవెల్స్ గట్టిగా లాగుతున్నట్టయితే మొదటి నుంచీ 16 బిట్‌లో పనిచేయండి. 8 బిట్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, నున్నటి నేపథ్యాల్లో చారలు పడే ప్రమాదం ఉంది.

సాఫ్ట్‌వేర్ కొనాలా అన్నదానికి జవాబు: అవసరం లేదు. గింప్, క్రిటా ఉచితం, ఫోటోపీ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది. స్క్రీన్, మల్టిప్లై, మాస్క్ మూడూ అన్నింటిలోనూ ఉన్నాయి. పైన చెప్పిన స్క్రీన్ లెక్క ఫోటోషాప్‌ది ఒక్కదానిదే కాదు.

ఇక మీ దగ్గర ఉన్న జత. గోధుమ రంగు గోడ మధ్యస్థంగా ఉంటుంది, చీకటీ కాదు, వెలుగూ కాదు. స్క్రీన్ పెడితే అడవి గోడ మీద కూడా పరుచుకుంటుంది. ఈ ఫోటోతోనే చేయాలంటే అమ్మాయిని సెలక్ట్ చేసి, కింద తెల్లటి పొర వేయక తప్పదు. జుట్టు అంచుల్లో గోధుమ రంగు మిగిలితే అక్కడ సాచురేషన్ తగ్గించి, ఆ అంచుల మీదకు చెట్ల కొసలు వచ్చేలా అడవిని జరపండి, కొంత మరుగున పడుతుంది. ఆ అమ్మాయి మళ్లీ నిలబడగలిగితే మాత్రం నేను ఇంకో ఫోటో తీస్తాను. మబ్బు పట్టిన ఆకాశం ముందు, కెమెరాను కాస్త కిందినుంచి ఎక్కుపెట్టి, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగును పెంచే, తగ్గించే కెమెరా సెట్టింగ్) ప్లస్ ఒకటి దగ్గర పెట్టి తీయండి. ఆకాశం తెల్లబడిపోతుంది, జుట్టు, మెడ నల్లగా నిలుస్తాయి. తెరలో ఆకాశం ఇంకా బూడిదగా కనిపిస్తుంటే ఇంకొంచెం పెంచండి, జుట్టులో నలుపు పలచబడే ముందు ఆగండి.