బోర్డు మీద ర్యాంకు రాయించే ముందు

కడప

చి. అల్లుడికి మామ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితం చూశాను. బడిలో చెస్ క్లబ్బు పెట్టడం, వరండా గోడ మీద మన తెలుగు గ్రాండ్‌మాస్టర్ల బోర్డు రాయించడం రెండూ మంచి పనులే. పెయింటర్‌కి ఇంకా పురమాయించకపోతే మాత్రం ఒక వారం ఆగు.

“పెంటేల హరికృష్ణ, ప్రపంచ 10వ ర్యాంకు” అని రాశావు. ఎప్పటి ర్యాంకు అబ్బా అది? ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే 2016 నవంబర్‌లో ఇచ్చిన జాబితాలోది. నెల, సంవత్సరం లేకుండా ర్యాంకు రాస్తే చదివిన పిల్లోడు ఆయన ఈరోజుకీ పదో స్థానంలోనే ఉన్నాడనుకుంటాడు. ఇంకో సంగతి చూడు. రేటింగ్ అంటే ఆడిన గేముల ఫలితాలను బట్టి వచ్చే అంకె. ఆయన అత్యధిక రేటింగ్ 2770 వచ్చింది డిసెంబర్ 2016లో. రేటింగ్ శిఖరానికి చేరిన నెలలో కూడా ర్యాంకు పదో స్థానం దాటి ముందుకు పోలేదు. మన దగ్గర పిల్లలకూ పెద్దలకూ ఎంసెట్ బాగా తెలుసు కాబట్టి అట్లాగే చెప్పు: మార్కులు నీవి, ర్యాంకు మాత్రం పక్కోళ్ళ మార్కులను బట్టి ఉంటుంది.

నమ్మకపోతే ఆనంద్‌నే తీసుకో. 2007 ఏప్రిల్‌లో 2786 రేటింగ్‌తో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. మన వరంగల్ కుర్రోడు ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబర్ జాబితాలో 2801కి చేరాడు. ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడు. అంత రేటింగ్ ఉన్నా నంబర్ వన్ కాలేదు, అక్కడ నార్వే ఆటగాడు కార్ల్‌సన్ కూర్చుని ఉన్నాడు. కాబట్టి ఒక్క ర్యాంకే రాయొద్దు, ఒక్క రేటింగే రాయొద్దు. రెండూ రాసి, పక్కన నెల, సంవత్సరం వేయి.

గ్రాండ్‌మాస్టర్ అనేది ఈ రెండింటికీ వేరు. 2500 రేటింగ్ అందుకుని, మూడు నార్మ్‌లు (టోర్నమెంట్లో గ్రాండ్‌మాస్టర్ స్థాయి ఫలితం తెస్తే ఒక నార్మ్) సాధిస్తే వచ్చే బిరుదు అది. తర్వాత రేటింగ్ పడిపోయినా బిరుదు పోదు. ఇదొక్క వాక్యం చాలు, బోర్డు మీద దీనికి ఎక్కువ చోటు పెట్టకు.

కోనేరు హంపి దగ్గర నువ్వు “ప్రపంచ 2వ ర్యాంకు” అని వదిలేశావు. అది మహిళల జాబితా, ఆ మాట రాయాలి. ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి ఉండే ఓపెన్ జాబితాలో మొదటి పదిమందిలోకి వచ్చిన మహిళ ఇప్పటిదాకా హంగేరీకి చెందిన జుడిత్ పోల్గార్ ఒక్కతే. ఇట్లా రాస్తే హంపిని తగ్గించినట్టు అవుతుందేమోనని సందేహించకు. 2009 జూలైలో 2623కి చేరింది, పోల్గార్ తర్వాత 2600 దాటిన రెండో మహిళ ఆమే. అసలు మాట ఇంకా ముందుంది. ఆ రేటింగ్ శిఖరం దాటిన పదేళ్ళకు, 2019లో, ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ఆడే చెస్) చాంపియన్ అయింది. ఆ మధ్యలో బిడ్డ తల్లి కూడా అయింది. 2024 చివర్లో న్యూయార్క్‌లో మళ్ళీ గెలిచింది. శిఖరం అంకె ఒక్కటే రాసి ఊరుకుంటే ఈ రెండు టైటిళ్ళు ఎక్కడ పెడతావు?

హరికృష్ణకూ అంతే. 2001లో గ్రాండ్‌మాస్టర్, 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ చాంపియన్, 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో బంగారు పతకం గెలిచిన జట్టులో సభ్యుడు. అదే ఏడాది గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు వెనక నుంచి తయారు చేసిన బృందంలోనూ ఉన్నాడు. నాకైతే పదో ర్యాంకు కన్నా ఈ చివరిదే గొప్పగా అనిపిస్తుంది. ఇది నా లెక్క, నీకు వేరేగా అనిపించొచ్చు.

ఇక కింద వరసలో మన బడి పిల్లల రేటింగులు నెలనెలా వేస్తానన్నావే, ఆ పని వద్దు. ఒక గేమ్‌కి రేటింగ్ ఎంత మారాలో తేల్చే అంకెను కె విలువ అంటారు. పద్దెనిమిది లోపు పిల్లలకు 2300 దాకా కె విలువ 40. సమాన రేటింగ్ వాడితో ఒక గేమ్ ఓడితే 20 పాయింట్లు పోతాయి. ఒకసారి 2400 దాటినవాళ్ళకు కె విలువ 10, అదే ఓటమికి 5 పోతాయి. అందుకే పిల్లల అంకెలు అంత ఎగిరి పడుతుంటాయి. ఇక్కడ టోర్నమెంట్లలో ఆర్బిటర్‌గా, అంటే ఆట నియమాలు చూసే అధికారిగా, కూర్చుని చూస్తున్నా కదా, ఫలితాల కాగితం గోడకు అంటించిన నిమిషానికే నాన్నలు ఫోన్లలో లెక్కలు మొదలుపెడతారు. పిల్లోడు పక్కన నీళ్ళసీసా పట్టుకుని వాళ్ళ ముఖం చూస్తుంటాడు. ఆ టెన్షన్ బడి గోడ మీద కూడా ఎందుకు? పైగా 2024 మార్చిలో ఫిడే 2000 లోపు రేటింగులన్నీ ఒక్కసారిగా పెంచింది. 1100 ఉన్నవాడు ఏమీ ఆడకుండానే 1460 అయ్యాడు. పాత అంకెకూ కొత్త అంకెకూ పోలిక పెట్టి పిల్లోడు ఎదిగాడని మురిసిపోతే ఎట్లా? వాళ్ళవి రాయాలనుకుంటే మంచి గేమ్ ఒకటి ఎంచి, ఆ ఎత్తులు రాయించు.

పెయింటర్‌కి చెప్పాల్సింది ఇది: బిరుదు వచ్చిన ఏడు, అత్యధిక రేటింగ్, అత్యుత్తమ ర్యాంకు, వాటి నెలలు, పెద్ద విజయాలు పెయింట్‌తో. చివరన ఒక అడుగు నల్లబోర్డు వదలమను. ఇప్పటి రేటింగ్, ర్యాంకు అక్కడ సుద్దముక్కతో రాయండి. ప్రతి నెల ఒకటో తేదీన కొత్త జాబితా వస్తుంది, తొమ్మిదో తరగతి పిల్లలకు వంతులు వేసి ఆ పని అప్పగించు.

మీ అత్త నిన్నూ పిల్లల్నీ అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు
మీ మామ