గాలి రింగా, ఎయిర్ బెడ్డా? మా నాన్నను ఆరేళ్లు చూసుకున్న అనుభవంతో చెబుతున్నాను

మీ అత్తగారికి 68 ఏళ్లని, షుగరు ఉందని, పక్షవాతంతో కుడి వైపు చచ్చుబడిందని రాశారు. పగలంతా కుర్చీలో, రాత్రి మంచం మీద గడుపుతున్నారు. పడక పుండ్లు పడకుండా ఉండటానికి దుకాణంలో గాలి రింగు (మధ్యలో రంధ్రం ఉండే రబ్బరు చక్రం) చాలన్నారు, బంధువులు ఎయిర్ బెడ్ కొనమంటున్నారు, ఏది కొనాలని మీ ప్రశ్న. మిగతా సంగతులన్నింటికంటే ముందు ఈ మాట వినండి: రింగు కొనకండి. కొనేసి ఉంటే ఈ రోజే పక్కన పెట్టేయండి.

మాది తెనాలి దగ్గర పల్లె. 2017 వేసవిలో మా నాన్న మేడ మీద మిరపకాయలు ఎండబోసి దిగుతూ మెట్ల మీది నుంచి పడ్డారు. వెన్నెముక దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే ఒక దుకాణంలో రబ్బరు రింగు కొన్నాం. తోక ఎముక రింగు మధ్యలోని రంధ్రంలో ఉంటుంది కాబట్టి దానికి ఏమీ తగలదు, పుండు పడదు అని దుకాణంలో చెప్పారు. సబబుగానే అనిపించింది. రోజూ "ఎలా ఉంది నాన్నా?" అని అడిగేదాన్ని. "మెత్తగానే ఉంది తల్లీ" అనేవారు. స్పర్శ లేని చోటు గురించి ఆయన్ని అడుగుతున్నానని నాకు తట్టనేలేదు. పదో రోజు స్నానం చేయిస్తూ అమ్మ చూసింది. తోక ఎముక మీద రూపాయి బిళ్లంత నల్లటి మచ్చ. మరో వారానికి పైతోలు ఊడి పుండయింది. అది మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆయన కుర్చీ ఎక్కలేదు, వీధి అరుగు చూడలేదు.

రింగు మీద కూర్చుంటే బరువంతా దాని అంచు మోస్తుంది. అంచు కింద రక్తనాళాలు నలుగుతాయి. మధ్యలో ఉన్న చర్మం కిందికి జారి సాగుతుంది, దానికి రక్తం వచ్చే దారి చుట్టూతా బిగుసుకుపోతుంది, నీరు పట్టి ఉబ్బుతుంది. మనం కాపాడదామనుకున్న చోటే ముందు దెబ్బతింటుంది. పడక పుండ్ల నివారణ మీద యూరప్, అమెరికా, పసిఫిక్ దేశాల నిపుణుల సంఘాలు కలిసి 2019లో వెలువరించిన మార్గదర్శకాల్లో కూడా రింగు ఆకారపు ఉపకరణాలు వాడవద్దనే ఉంది. మన దగ్గర ఇప్పటికీ డిశ్చార్జి చీటీతో పాటు రింగు కొనిపిస్తూనే ఉన్నారు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ఇక మీరు అడిగింది. కుర్చీకి, మంచానికి ఒకే వస్తువు పనికిరాదు. పడుకున్నప్పుడు బరువు ఒళ్లంతా పరచుకుంటుంది. కూర్చున్నప్పుడు చాలా భాగం పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీదికి దిగుతుంది. మనమైతే అసౌకర్యంగా అనిపించగానే తెలియకుండానే అటూ ఇటూ కదులుతాం. వాళ్లు కదలలేరు. షుగరు వల్ల స్పర్శ తగ్గి ఉంటే కదలాలన్న కబురు కూడా మెదడుకు సరిగా అందదు. మీ అత్తగారు పగలంతా కుర్చీలోనే ఉంటున్నారు కాబట్టి నేనైతే ముందు కుర్చీ సంగతే చూస్తాను.

కుర్చీకి వాడేది గాలి గదుల కుషన్. చిన్న చిన్న రబ్బరు బుడగలు వరుసలుగా నిలబడి ఉంటాయి, అడుగున వాటికి ఒకదానితో ఒకటి సంబంధం ఉంటుంది. ఎముక ఒక బుడగను నొక్కితే అందులోని గాలి పక్క బుడగల్లోకి పోతుంది. అలా మనిషి కొంత లోపలికి కూరుకుని, బరువు తొడలకూ పిరుదులకూ పరచుకుంటుంది. 1970లలో అమెరికాలో రాబర్ట్ గ్రేబ్ (Graebe) అనే ఇంజనీరు ఈ తరహా కుషన్‌ను తయారు చేశారు. ఆయన మొదలుపెట్టిన రోహో కంపెనీ పేరుతోనే చాలామంది ఫిజియోథెరపిస్టులు దీన్ని గుర్తుపడతారు. అసలుది పదుల వేల రూపాయలు. అదే పద్ధతిలో తక్కువ ధరకు వచ్చేవీ ఉన్నాయి. మేము వాడింది అలాంటిదే.

మా రెండో పొరపాటు ఇక్కడే జరిగింది. కుషన్ వచ్చిన రోజు నేను పంపుతో బిర్రుగా గాలి కొట్టాను. గట్టిగా ఉంటే బాగా మోస్తుందనుకున్నాను. మూడో రోజుకే ఎడమ వైపు ఎముక దగ్గర ఎర్రబడింది. ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు కుషన్‌ను ఒకసారి నొక్కి చూసి, నాన్న కూర్చుని ఉండగానే వాల్వు తిప్పి గాలి వదలడం మొదలుపెట్టారు. రెండో చెయ్యి అరచేయి పైకి ఉండేలా కుషన్‌కూ ఆయనకూ మధ్య దూర్చి, అన్నిటికంటే కిందికి దిగిన ఎముకను వెతికి పట్టుకున్నారు. ఆ ఎముకకూ కుషన్ అడుగుకూ మధ్య అర అంగుళం నుంచి అంగుళం దాకా గాలి మిగిలినప్పుడు వాల్వు బిగించారు. తర్వాత నా చెయ్యి పెట్టించారు. వేళ్ల చివర్లు కొద్దిగా ఆడాయి, కానీ ఎముక అడుగుకు తగల్లేదు. గాలి ఎక్కువైతే మనిషి బంతి మీద కూర్చున్నట్టు పైనే ఉంటాడు, బుడగలు ఒంటిని చుట్టుకోవు. తక్కువైతే ఎముక నేరుగా కుర్చీకి ఆనుతుంది. రెండింట్లోనూ పుండు పడుతుంది.

ఆ తర్వాత ప్రతి ఉదయం అమ్మ అన్నం మెతుకు పట్టి చూసినట్టు, నాన్నను కూర్చోబెట్టగానే కుషన్‌కూ ఆయనకూ మధ్య చెయ్యి పోనిచ్చి చూసేది. రాత్రికి రాత్రి గాలి దిగిపోయిన రోజులు ఉన్నాయి. ఎండలో వదిలేస్తే వేడికి ఉబ్బిన రోజులూ ఉన్నాయి. ఒకసారి తిరుమల తీసుకెళ్లాం. అలిపిరి నుంచి కొండ మీదికి రెండు వేల అడుగులకు పైగా ఎక్కుతాం, పైకి వెళ్లే కొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. కింద సరిచూసిన కుషన్ పైన బిగిసిపోయింది. గది చేరగానే కొంచెం గాలి వదిలి, దిగి వచ్చాక మళ్లీ కొట్టాం. విమాన ప్రయాణంలోనూ ఈ జాగ్రత్త కావాలి.

మీ అత్తగారి విషయంలో ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. గాలి కుషన్ మీద నిలకడ తక్కువ. ఒక వైపు చచ్చుబడిన మనిషి ఆ వైపుకే ఒరిగిపోతుంటారు, ఆ కుడి ఎముక మీదే భారం ఎక్కువ పడుతుంది. కాబట్టి చెయ్యి పెట్టి చూడటం కుడి వైపు తప్పనిసరి. ఎడమ, కుడి గదులకు విడివిడిగా గాలి కొట్టుకునే కుషన్లు దొరుకుతాయి, వాటిని అడగండి. ఎంత చూసుకున్నా ఒరిగిపోతుంటే గాలి కుషన్ కోసం పట్టుపట్టకండి. మంచి దట్టమైన ఫోమ్ కుషనే ఆమెకు నయం కావచ్చు. ఇది మాత్రం ఫిజియోథెరపిస్టు ఆమెను కూర్చోబెట్టి చూసి చెప్పాల్సిన విషయం. కుషన్ వేస్తే సీటు రెండు మూడు అంగుళాలు పెరుగుతుంది, అప్పుడు పాదాల పలకను కూడా కిందికి దించాలి, లేకపోతే కాళ్లు వేలాడి ఆమె ముందుకు జారతారు. ఆ జారుడు రాపిడి చర్మానికి ఒత్తిడి అంత చేటు. ఎంత మంచి కుషన్ అయినా అరగంటకోసారి ముందు బల్ల మీదికి రెండు నిమిషాలు వంగేలా చేసి బరువు తీయాలి. మా ఇంట్లో టీవీలో ప్రకటన వచ్చినప్పుడల్లా నాన్న వంగేవారు.

రాత్రికి ఎయిర్ బెడ్ మంచిదే. మీ బంధువులు చెప్పింది నిజం. చిన్న పంపు కొన్ని గదుల్లో గాలి నింపుతూ, పక్క గదుల్లో వదులుతూ కొన్ని నిమిషాలకోసారి మార్చుతుంటుంది. దాన్ని మంచం చెక్క మీద నేరుగా వేయకూడదు, మామూలు పరుపు మీదే పరవాలి. కరెంటు పోతే గాలి మెల్లగా దిగుతుంది, అప్పుడు కింద పరుపే దిక్కు. పంపు తినే కరెంటు చాలా తక్కువ, ఇన్వర్టరుకు కలిపించండి. పరుపు మీద ఒకే ఒక పలచటి నూలు దుప్పటి, అదీ వదులుగా వేయండి. మా పెద్దమ్మ ప్రేమతో బొంత, దాని మీద రెక్సిన్, దాని మీద రెండు దుప్పట్లు వేసింది. అన్ని పొరలు వేస్తే కింద గాలి ఆడి ఏం లాభం? పైగా మన ఎండలకు ప్లాస్టిక్ మీద చెమట పట్టి చర్మం నాని పోతుంది. పిన్నీసులు, గాజులు, పిల్లి గోళ్లు దగ్గరికి రానీయకండి. చిల్లు పడితే సబ్బు నీళ్లు రాసి బుడగ వచ్చిన చోట అతుకు వేయడమే, సైకిలు ట్యూబుకు వేసినట్టు. పంపు మీద బరువును బట్టి గాలి సరిచేసే మీటను మీ అత్తగారి బరువుకు తగ్గట్టు పెట్టి, ఇక్కడ కూడా నడుము కింద ఎయిర్ బెడ్‌కూ పరుపుకూ మధ్య చెయ్యి దూర్చి చూడండి. ఎముక అరచేతిని నొక్కుతుంటే గాలి చాలదు.

ఎయిర్ బెడ్ ఉంది కదా అని ఒత్తిగిలించడం మానేయకండి. మేము రెండు గంటలకోసారి తిప్పేవాళ్లం. అమ్మ, నేను, తమ్ముడు రాత్రిని పంచుకున్నాం. చర్మం చూసి డాక్టరు పర్వాలేదంటేనే ఆ వ్యవధి పెంచండి. పూర్తిగా పక్కకు కాకుండా, వీపు వెనక దిండు పెట్టి కొద్దిగా ఏటవాలుగా ఉంచాలి. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద పొడుగ్గా దిండు పెట్టండి. చేతి తొడుగుల్లో నీళ్లు నింపి మడమల కింద పెట్టడం చాలా చోట్ల చూశాను. అదీ వద్దనే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎర్రబడిన చోట నూనె, పౌడరు వేసి రుద్దడం కూడా వద్దు. లోపల నలిగిన కణజాలం ఇంకా నలుగుతుంది.

డబ్బు ఒకదానికే సరిపోతే కుర్చీ కుషన్ ముందు తీసుకోండి, ఎయిర్ బెడ్ వచ్చే వరకు రాత్రిళ్లు దిండ్లతో, చేతులతో నెట్టుకురావచ్చు. కానీ ఇంకా ఏదీ కొనకముందే, ఈ రాత్రి బట్టలు మార్చేటప్పుడు మంచి వెలుతురులో ఆమె తోక ఎముక, రెండు పిరుదులు, తుంట్లు, మడమలు చూడండి. రంగు మారిన చోట వేలితో నొక్కి వదలండి. ఒక క్షణం పాలిపోయి మళ్లీ రంగు వస్తే ఇంకా సమయం ఉంది. నొక్కినా రంగు మారకపోతే అది పుండుకు మొదటి దశ. మన చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి చేతి వెనక భాగంతో తాకి, చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా లేదా మెత్తగా ఉందేమో చూడండి. తోలు లేచి ఉంటే, నల్లబడి ఉంటే, వాసన వస్తుంటే కుషన్ కోసం ఆగకుండా రేపు ఉదయమే డాక్టరుకు చూపించండి. ఆమె బరువు, కుర్చీ సీటు వెడల్పు, ఎటు ఒరుగుతున్నారో ఇక్కడ రాస్తే ఏ కొలత కుషన్ అడగాలో నాకు తెలిసినంత చెబుతాను.