ఆక్టేవియా ఆర్‌ఎస్ రేటు పడదన్న లెక్కలో వడ్డీ ఎక్కడ?

ప్రశ్న: నా వయసు 33. కొండాపూర్‌లో ఉంటాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతికి నెలకు 1.90 లక్షలు వస్తుంది. భార్య ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు, నాలుగేళ్ల పాప ఉంది. హోమ్ లోన్ ఈఎంఐ 46 వేలు, ఇంటి ఖర్చు 55 వేలు, ఖమ్మంలో అమ్మానాన్నలకు 15 వేలు పంపిస్తాను. ఖాతాలో 90 వేలు, మ్యూచువల్ ఫండ్స్‌లో 4 లక్షలు ఉన్నాయి. ఇన్సూరెన్స్ అంతా కంపెనీదే. 2020 నాటి స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 (ఆక్టేవియాలో ఎక్కువ పవర్ ఉన్న రకం) ఒకటి 32 లక్షలకు వచ్చింది. ఇండియాకు వచ్చినవే 200 కార్లు, కొత్త తరం మోడల్ 50 లక్షలు, కాబట్టి పాతదాని రేటు పడదు. పోర్షె 911 లాగా పెరగొచ్చు కూడా. మూడేళ్లు నడిపి అదే ధరకు అమ్మేద్దామని ప్లాన్. ఫైనాన్స్ కంపెనీ వాళ్లు కారుకు 27 లక్షల విలువ కట్టి, 12.5 శాతం వడ్డీకి ఐదేళ్లకు 24 లక్షలు ఇస్తామన్నారు. మిగతా 8 లక్షల్లో 3 లక్షలు ఫండ్స్ నుంచి, 5 లక్షలు పర్సనల్ లోన్ (14 శాతం, నాలుగేళ్లు). శనివారం 50 వేలు టోకెన్ ఇవ్వమంటున్నారు. 36 లక్షల కారు ఐదేళ్ల తర్వాత కూడా 32 పలుకుతోంది. పైగా స్టేజ్ 1 (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచే రీమ్యాప్) చేయించారు, మరింత బాగా లాగుతుంది. పాలసీ కాపీ కూడా పంపుతున్నాను. కొనొచ్చా సార్?

జవాబు: కొనొద్దు. ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య తరచుగా వస్తున్నాయి. కారు పేరు మారుతుంది, ఊరు మారుతుంది, 'రేటు పడదు సార్' అన్న మాట మాత్రం మారదు. అందుకే మీకు కాస్త వివరంగానే రాస్తున్నాను.

కార్ల గురించి మీరు చెప్పినదాంట్లో నిజం ఉంది. 2017లో వచ్చిన ఆర్‌ఎస్ 25 లక్షల లోపే దొరికింది. 2020లో వచ్చిన 245 పూర్తిగా దిగుమతి చేసుకున్న కారు, ఎక్స్‌షోరూమ్ 36 లక్షలు. 2025 అక్టోబరులో వచ్చిన కొత్త తరం కారు 49.99 లక్షలు, అదీ 100 మాత్రమే. మధ్యలో 2023లో మామూలు ఆక్టేవియా కూడా మన దగ్గర ఆగిపోయింది. కొత్తది దొరకని చోట, దొరికినా ధర అందని చోట, పాతదాన్ని కొత్తదాని ధరే పైకి లాగుతుంది. ఇంతవరకు మీతో పేచీ లేదు.

కానీ అన్ని తరాలకూ అలా జరగలేదు. 2004లో ఇదే ఆక్టేవియా ఆర్‌ఎస్ 150 హార్స్‌పవర్ టర్బో ఇంజిన్‌తో వచ్చింది, 2011లో తర్వాతి తరం, లారా పేరుతో, లారా ఆర్‌ఎస్ వచ్చింది. రెండిటికీ అభిమానులు ఉన్నారు, ధరలు మాత్రం మామూలు పాత కార్ల దారిలోనే దిగాయి. సంఖ్య తక్కువైతే చాలంటారా? 2016 చివర్లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐ 99 కార్లే తెచ్చి 25.99 లక్షలకు పెట్టింది. ఏడాది తిరిగేసరికి అదే కారు 19.99 లక్షలు. ముందు కొన్నవాళ్ల కారు ఇంటి ముందు నిలబడి ఉండగానే 6 లక్షలు పోయింది. తర్వాత్తర్వాత దానికీ గిరాకీ వచ్చిందిలెండి. అయితే ఆ గిరాకీ వచ్చేదాకా ఆగగలిగినవాడికే దక్కింది. మధ్యలో డబ్బు అవసరపడి అమ్ముకున్నవాడికి దక్కలేదు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

911 సంగతీ అంతే. గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న ఆఖరి తరం 993కి నేడు ఎంత ధర పలుకుతుందో మీకు తెలుసు. దాని వెంటనే వచ్చిన 996 అంతకంటే కొత్తది, ఎక్కువగా అమ్ముడైంది. అయినా ఏళ్ల తరబడి 911ల్లో చవకైనది అదే. హెడ్‌లైట్లు నచ్చలేదు, నీటితో చల్లబడే ఇంజిన్ అభిమానులకు రుచించలేదు, ఐఎంఎస్ అనే బేరింగ్ పాడైతే ఇంజినే పోతుందన్న భయం ఒకటి. పేరు ఒకటే, కంపెనీ ఒకటే, పక్కపక్క తరాలు. ఏ తరాన్ని జనం నెత్తిన పెట్టుకుంటారో కొనే రోజున ఎవరికీ తెలియదు.

ఇక మీ ధరల లెక్క. '36 లక్షల కారు ఐదేళ్ల తర్వాత కూడా 32 పలుకుతోంది' అన్నది ఎక్స్‌షోరూమ్ లెక్క. ఆ కారు హైదరాబాద్‌లో రోడ్డెక్కేసరికి లైఫ్ ట్యాక్స్ ఒక్కటే 5 లక్షల దాకా, ఇన్సూరెన్స్, టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను) కలిపి 42 లక్షలు దాటింది. అంటే మొదటి ఓనర్‌కు 10 లక్షలు పోయినట్టే. పైగా 32 అనేది అమ్మేవాడు అడుగుతున్న ధర. మీ ఉత్తరంలోనే ఇంకో ధర ఉంది, మీరు దాన్ని దాటేసి వెళ్లిపోయారు. డబ్బిచ్చేవాడు అదే కారుకు 27 లక్షలే విలువ కట్టాడు. రేపు మీరు ఈఎంఐ ఎగ్గొడితే కారు ఎంతకు అమ్ముడవుతుందో చూసుకుని కట్టిన విలువ అది. కారు మీద ప్రేమ లేనివాడి మాట కాబట్టి నేను దాన్నే నమ్ముతాను.

సరే, మీ మాటే నిజమనుకుందాం. మూడేళ్ల తర్వాత సరిగ్గా 32 లక్షలకే అమ్ముడైంది. కారు లోన్ ఈఎంఐ 54 వేలు, పర్సనల్ లోన్ ఈఎంఐ 13,700. ఈ మూడేళ్లలో రెండింటికీ కలిపి వడ్డీ కిందే దాదాపు 8.3 లక్షలు కట్టి ఉంటారు. అంటే మీకు నష్టం లేకుండా ఉండాలంటే కారు 40 లక్షలు దాటి అమ్ముడవాలి. టైర్లు, సర్వీస్, ఇన్సూరెన్స్ ప్రీమియం ఇందులో కలపలేదు. ఎనిమిదేళ్ల పాత కారు 40 లక్షలకు! ఇది నమ్మి అప్పు చేస్తారా?

డౌన్ పేమెంట్‌కు పర్సనల్ లోన్ అన్న ఆలోచన దగ్గర నాకు నిజంగానే కోపం వచ్చింది. డౌన్ పేమెంట్ పెట్టించేదే మీ సొంత డబ్బు కొంత ఉందని తేల్చుకోవడానికి. దాన్నీ అప్పుతో కడితే 32 లక్షల్లో 29 లక్షలు అప్పే. ఇందుకే పెద్దవాళ్లు అరువు సొమ్ము బరువు చేటు అన్నారు.

ఇప్పుడు అసలు విషయం, ఇన్సూరెన్స్. మీరు పంపిన పాలసీ కాపీలో ఐడీవీ, అంటే కారు పూర్తిగా పోతే ఇన్సూరెన్స్ కంపెనీ కట్టే విలువ, 17.40 లక్షలు. మీరు పెట్టేది 32. ఎందుకీ తేడా? ఇన్సూరెన్స్ పట్టికకు మీ కారు అరుదైనదని తెలియదు. నాలుగేళ్లు దాటిన ఏ కారుకైనా 50 శాతం తరుగు కోస్తుంది. ఐదేళ్లు దాటాక పట్టిక కూడా ఉండదు, మీరూ కంపెనీ వాళ్లూ మాట్లాడుకుని ఒక అంకెకు రావాలి. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే, అంటే మీ విషయంలో సుమారు 13 లక్షలు దాటితే, కారును టోటల్ లాస్ కింద రాసేస్తారు. ముందు భాగం గట్టిగా తగిలి ఇంజిన్, గేర్‌బాక్స్ దాకా దెబ్బ వెళ్తే, దిగుమతి విడిభాగాలతో ఆ బిల్లు రావడం పెద్ద కష్టం కాదు.

కొన్న ఏడాదికి ఓఆర్‌ఆర్ మీద అలా జరిగిందనుకోండి. కారు లోన్ ఇంకా 20.3 లక్షలు, పర్సనల్ లోన్ 4 లక్షలు, మొత్తం 24.3 లక్షల బాకీ. ఐడీవీ మారలేదనే అనుకున్నా వచ్చేది 17.40. కారు పోయింది, దాదాపు 7 లక్షల అప్పు మిగిలింది, ఈఎంఐ తేదీ మాత్రం వస్తూనే ఉంటుంది. మీ దగ్గర అప్పటికి ఫండ్స్‌లో మిగిలేది లక్ష.

చిన్న దెబ్బలకూ ఇదే కథ. ఐదేళ్లు దాటిన కారుకు జీరో డెప్ (తరుగు కోయకుండా విడిభాగాల ఖర్చు ఇచ్చే కవర్) దొరకడం కష్టం. అది లేకపోతే బంపర్ లాంటి ప్లాస్టిక్ భాగాల్లో సగం, లోహపు భాగాల్లో 40 శాతం మీ జేబు నుంచే. ఇంకోటి, 'స్టేజ్ 1 చేయించారు, మరింత బాగా లాగుతుంది' అని సంబరంగా రాశారు. ఆ రీమ్యాప్ సంగతి పాలసీలో ఉందా? మీరు పంపిన కాపీలో ఎక్కడా లేదు. క్లెయిమ్ వచ్చిన రోజున సర్వేయర్ అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. ఎవరు ఏ పాత కారు కొన్నా 14 రోజుల్లోపు పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలన్నది కూడా చాలామంది మర్చిపోతారు.

ధర పడడానికి మన చేతిలో లేని కారణాలూ ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22న పెద్ద సెడాన్ల మీద సెస్సుతో కలిపి 48 శాతం ఉన్న పన్ను 40కి దిగింది. ఆ ముందు వారం పాత కారు కొన్నవాళ్లు ఏమనుకుని ఉంటారో ఊహించండి. యూరోపియన్ యూనియన్‌తో వాణిజ్య ఒప్పందంలో కార్ల దిగుమతి సుంకాన్ని దశలవారీగా తగ్గించే మాట ఉంది. మీ కారుకు విలువ తెచ్చిందే కొత్తదాని దిగుమతి ధర. అది దిగితే ఇది ఆగుతుందా?

ఇప్పుడు పోలో జీటీఐ దగ్గర వదిలిన మాటకు వస్తాను. ఆగగలిగినవాడికే ధర దక్కుతుంది. మీరు ఆగగలరా? జీతంలో 1,13,700 ఈఎంఐలకే పోతుంది, అంటే దాదాపు 60 శాతం. ఇంటి ఖర్చు, అమ్మానాన్నల డబ్బు తీస్తే మిగిలేది 6,300. దాంట్లోంచే పెట్రోలు, సర్వీస్. మీ రంగంలో ఉద్యోగాల పరిస్థితి నేను చెప్పక్కర్లేదు. రెండు నెలలు జీతం ఆగితే ఆర్‌ఎస్‌ను అమ్మకానికి పెడతారు. మీ అవసరం వాసన పట్టిన డీలర్ 32 ఇవ్వడు, 25 అంటాడు. అందుకే ఎమర్జెన్సీ ఫండ్ లేనివాళ్లకు ఏ వస్తువూ ధర నిలబెట్టుకోదు అంటాను. బంగారమైనా, ప్లాటైనా, పోర్షె అయినా.

మీ ఖర్చులకు ఆరు నెలల ఎమర్జెన్సీ ఫండ్ అంటే 7 లక్షలు. మీ లెక్క ప్రకారమే నెలకు 74 వేలు మిగలాలి. మరి ఖాతాలో 90 వేలే ఉన్నాయేంటి? కారు సంగతి పక్కన పెట్టి ముందు మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ తీసి చూడండి. ఆ 74 వేలు దొరికితే పది నెలల్లో 7 లక్షలు సమకూరతాయి. మ్యూచువల్ ఫండ్స్ కదిలించకండి.

దానికంటే ముందు 1.5 కోట్ల టర్మ్ పాలసీ మీ పేరు మీద తీసుకోండి. ఆపైన మీ ముగ్గురికీ ఒక సొంత హెల్త్ పాలసీ, ఖమ్మంలో ఉన్న వాళ్లిద్దరికీ ఇంకొకటి. కంపెనీ కవర్ ఉద్యోగంతో పాటే పోతుంది. 2025 సెప్టెంబరు నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు, ఆ వంక ఇక చెల్లదు.

వేగంగా వెళ్లే కారు కావాలంటే తప్పేం లేదు. ఎమర్జెన్సీ ఫండ్ నిండాక ఏడాదిన్నర ఆర్‌డీ కట్టి, వాడిన పోలో జీటీ టీఎస్‌ఐ లాంటిది నగదుతో కొనుక్కోండి. రేటు పడినా నిద్ర పడుతుంది. లీజు, టాప్ అప్ లోన్ లాంటివి నన్ను అడగొద్దు.

శనివారం టోకెన్ ఇవ్వకండి. 'ఇంకో పార్టీ రెడీగా ఉంది' అని అమ్మేవాడు అంటే ఆ పార్టీకే ఇచ్చేయమనండి. ఆ 50 వేలతో సోమవారం అమ్మానాన్నల పాలసీ ప్రపోజల్ నింపండి. నాన్నగారికి బీపీ, షుగర్ ఏమైనా ఉంటే దాచకుండా రాయండి.