దొంగ టేపుకు సమీక్ష రాయబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. బ్రిటన్‌కు చెందిన నలుగురు సభ్యుల రాక్ సంగీత బృందం బీటిల్స్ 1969 జనవరిలో లండన్ శివారులోని ట్వికెన్‌హామ్ ఫిల్మ్ స్టూడియోలో సాగించిన సాధన తాలూకు అనధికార రికార్డింగు ఒకటి నీ చేతికి వచ్చిందనీ, దానిని సమీక్షించాలని ఉన్నా ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశావు. అటువంటి టేపుల మీద నేను ముప్పై ఏళ్లకు పైగా రాశాను, పొరపాట్లు కూడా చేశాను కనుక, తెలిసినంతలో చెబుతాను.

ముందుగా ఒక మాట మనసులో పెట్టుకో. నీవు వినబోయేది ఆల్బమ్ కాదు. అందులోని నలుగురూ శ్రోత కోసం వాయించలేదు, అది ఎవరో ఒకరి ఇంట్లో మోగుతుందనీ అనుకోలేదు. అందువల్ల "పాట బాగుందా, గాత్రం శ్రుతిలో ఉందా" అన్న ప్రశ్నతో మొదలుపెడితే సమీక్ష మొదటి పేరాలోనే దారి తప్పుతుంది. ఆ గదిలో మైకు ఎందుకు ఉంది, ఎవరు పెట్టారు, అది దేనిని పట్టుకోగలిగింది, దేనిని పట్టుకోలేకపోయింది అన్నవే నీ తొలి ప్రశ్నలు కావాలి.

దీనికి జవాబు ఆ టేపులోనే ఉంటుంది. దర్శకుడు మైఖేల్ లిండ్సే-హాగ్ అక్కడ సినిమా తీస్తున్నాడు. రెండు కెమెరాలకు తోడుగా రెండు నాగ్రా టేపురికార్డర్లు మోనోలో, అంటే అన్ని శబ్దాలూ ఒకే ట్రాకులో కలిసిపోయేలా, ధ్వనిని పట్టేవి. ఒక్కో రీలు సుమారు 16 నిమిషాలకు అయిపోయేది. ట్వికెన్‌హామ్‌లో పాటల రికార్డింగు కోసం ఒక్కో వాద్యాన్నీ గొంతునూ విడివిడిగా పట్టే బహుళ ట్రాకుల యంత్రం పెట్టలేదు కనుక ఆ రోజులకు మనకు మిగిలిన ధ్వని ఈ సినిమా టేపులే. వింటున్నప్పుడు మధ్యమధ్య "పీప్" అని ఒక చిన్న కూత వినిపిస్తుంది, ఎవరో రీలు నంబరు చదువుతారు, పాట చరణం మధ్యలో తెగిపోతుంది. కొత్త సమీక్షకులు వీటిని లోపాలుగా రాసి చికాకు పడతారు. నిజానికి కూత బొమ్మకూ ధ్వనికీ జత కలపడానికి పెట్టిన గుర్తు. తెగిపోవడం రీలు మార్చుకునే విరామం. ఆ నంబరే నీకు తేదీ తేల్చి చెప్పే ఆధారం. దానిని కాగితం మీద రాసుకున్న తరువాతే పాట గురించి ఆలోచించు.

తరువాత వేగం సంగతి చూడు. ఇక్కడ నా సొంత అవమానం ఒకటి చెప్పుకోవాలి. వయసులో ఉండగా, విదేశాల నుంచి ఒక మిత్రుడు తెచ్చి ఇచ్చిన క్యాసెట్ కాపీ విని, గాయకుడి గొంతులో విసుగు, అలసట నిండిపోయాయనీ, బృందం అప్పటికే లోలోపల కూలిపోతోందనీ రెండు పేజీలు ఎంతో తీరుబడిగా రాశాను. నెల తిరగకుండానే తెలిసింది, నా టేపురికార్డరు బెల్టు వదులై క్యాసెట్‌ను ఈడుస్తోందని. అలసట గాయకుడిది కాదు, రబ్బరు బెల్టుది.

నీకు ఆ తిప్పలు అక్కరలేదు. బ్రిటన్‌లో కరెంటు 50 హెర్ట్జ్. యాంప్లిఫయర్ల నుంచి వచ్చే సన్నని రొద టేపులో ఆ స్థానంలో ఉండాలి. కంప్యూటరులో స్పెక్ట్రమ్ (ఏ పౌనఃపున్యంలో ఎంత ధ్వని ఉందో చూపే పటం) గీయించి చూసినప్పుడు ఆ గీత 52 దగ్గర కనబడితే, నీ కాపీ నూటికి నాలుగు పాళ్లు వేగంగా తిరుగుతోందని అర్థం. అంటే శ్రుతి ఒక స్వరస్థానంలో మూడింట రెండు వంతుల మేర పైకి జరిగిపోయింది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కనుక, 60 దగ్గర మరో గీత కూడా ఉంటే, మధ్యలో ఎవరో అమెరికాలో కాపీ తీసి ఉండవచ్చు. అలాగే 16 కిలోహెర్ట్జ్ పైన ఏమీ లేకుండా కత్తితో కోసినట్టు కనబడితే, ఎవరో దానిని ఎంపీ3గా కుదించి మళ్లీ పెద్ద ఫైలుగా మార్చి "అసలు రీలు నుంచి" అని పేరు పెట్టారేమోనని అనుమానించు. అరుదైనదని చెప్పే ప్రతివాడి మాటనూ నమ్మవద్దు. 2003 జనవరిలో బ్రిటిష్, డచ్ పోలీసులు ఈ నాగ్రా రీళ్లు దాదాపు 500 పట్టుకున్నారు. వాటి కాపీలు మాత్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే చేతులు మారుతున్నాయి. ఇక 1970 మేలో ఈ బృందం ఆల్బమ్ లెట్ ఇట్ బి వెలువడక మునుపే తిరిగిన దొంగ రికార్డు ఒకటి ఉంది. అది రికార్డింగు ఇంజినీరు గ్లిన్ జాన్స్ కూర్చిన మిక్స్ నుంచి వచ్చినది, నాగ్రా టేపు కాదు. రెండింటినీ ఒకే గాటన కట్టకు.

ఇక సారం గురించి. తునకను తునకగా వినడం ఎంత ప్రమాదమో ఒక్క ఉదాహరణ చాలు. గెట్ బ్యాక్ పాట ఆ నెలలోనే, బృందంలోని పాల్ మెకార్ట్‌నీ బాస్ గిటారు మీద ఊరికే మీటుతూ ఉండగా, పలుకులు లేని కూనిరాగంగా పుట్టింది. కొద్ది రోజులకే అందులోకి పాకిస్తానీల ప్రస్తావనతో కొన్ని పంక్తులు వచ్చి చేరాయి. ఆ ముక్కను మాత్రమే విన్నవాడు, ముఖ్యంగా మన ఉపఖండం వాడు, ఉలిక్కిపడటం సహజం. ఆ టేపు బయటకు పొక్కినప్పుడు బ్రిటన్‌లో జాతివివక్ష ఆరోపణలు వచ్చాయి కూడా. అయితే 1968 ఏప్రిల్‌లో బ్రిటిష్ రాజకీయ నాయకుడు ఈనాక్ పావెల్ బర్మింగ్‌హామ్‌లో వలసదారులకు వ్యతిరేకంగా చేసిన ప్రసంగం అప్పటికి ఇంకా చల్లారలేదు. ఆ రోజుల రీళ్లలోనే పావెల్ పేరుతో, కామన్వెల్త్ పేరుతో వాళ్లు అల్లిన ఎగతాళి పాట మరొకటి వినిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి వింటే, ఆ పంక్తులు పావెల్ మనుషుల గొంతును వెక్కిరిస్తున్నాయని తెలుస్తుంది. ఆ వెక్కిరింత బాగా కుదరలేదని నా అభిప్రాయం. వాళ్లు కూడా దానిని వదిలేశారు. నీవు రాసేటప్పుడు మాత్రం నేపథ్యం చెప్పకుండా ఆ ముక్కను ఎత్తి చూపించకు, అభిమానంతో దాచిపెట్టకు.

మౌనాలను, రొదను కూడా విను. జనవరి 10న గిటారిస్టు జార్జ్ హారిసన్ భోజనవేళ బృందాన్ని వదిలి వెళ్లిపోయాడు. మధ్యాహ్నం మిగిలినవారు వారిలో ఒకడైన జాన్ లెనన్ సహచరి యోకో ఓనోతో కలిసి చెవులు చిల్లులు పడేటట్టు వాయించారు. సంగీతంగా దాని విలువ తక్కువే. ఏమి జరిగిందో ఒక్కరూ సూటిగా మాట్లాడలేని గదిలో గిటార్లు చేసిన పని అది. ఆ సంగతి తెలిస్తే నీ వాక్యం మారుతుంది. తరువాత ఈ టేపుల నుంచి మాటలను, వాద్యాలను వేరుచేసిన సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్, మాటలు మైకుకు అందకుండా ఉండేందుకే వాళ్లు అప్పుడప్పుడు గిటారు మోగించేవారని గమనించాడు. ఆ నెల మీద ఆయన తీసిన 2021 చిత్రానికి సుమారు 150 గంటల ధ్వని ఆధారం. నీ దగ్గర ఉన్నది అందులో ఏ గంటో తెలియకుండా మొత్తం నెలకు తీర్పు చెప్పకు.

అక్కడ పాత పాటలు వందల కొద్దీ, కొన్ని అయిదారు సెకన్ల మేర వినిపిస్తాయి. వాటన్నిటి పట్టికతో పేజీ నింపకు, చదివేవాడికి నిద్ర వస్తుంది. ఏ వాద్యం ఎవరిదో నిశ్చయంగా తెలిసిన చోటనే పేరు రాయి. ఎక్కడ దొరుకుతుందో, ఎంత పలుకుతుందో రాయకు. అది దొంగసరుకే, మనం దానికి దళారులం కాము.

మూడుసార్లు వినేదాకా కలం పట్టుకోకు. మూడోసారి హెడ్‌ఫోన్ తీసేసి, పక్కగదిలో స్పీకరు మోగుతుండగా విను. మాటల వెంట పడకుండా నలుగురి వాయింపు మాత్రమే వినిపిస్తుంది, తాళం ఎక్కడ జారిందో, ఎవరు సర్దుకున్నారో అప్పుడే తెలుస్తుంది. రీలు నంబర్లు రాసుకున్న నా పాత నోటుపుస్తకం వచ్చే వారం కొరియర్‌లో పంపుతాను. అందులో ఎర్ర సిరాతో కొట్టివేసినవి నా తప్పులు, వాటిని కూడా చదువు.

ఇట్లు,
నీ మామయ్య